వడ్లు ఇట్ల ఆరవు

పోయినవి ముందు రాస్తాను. పదమూడు కిలోల బరువు. అర తులం ఉంగరం ఒకటి. సన్నబడ్డ వేలి నుంచి జారి వడ్ల కుప్పలో పడింది, ఏ బస్తాలో కలిసి మిల్లుకు పోయిందో ఇప్పటికీ తెలియదు. దువ్వెనకు చుట్టుకుని వచ్చిన జుట్టు, సుమారు సగం జడ. మూడు నెలల నిద్ర. ఎండాకాలం కోసే యాసంగి వడ్ల కొనుగోళ్లలో నా కుర్చీ. బియ్యం దొంగిలిస్తోందని నేను అనుమానించినందుకు మా అత్తమ్మకు నా దగ్గర ఉన్న చనువు. పక్కింట్లో ఉండే మా మరిది భార్య జమునతో ఒక నెల మాటలు.

ఇవన్నీ పోతున్న కాలంలోనే నన్ను చూసినవాళ్లంతా, "మంచిగ తగ్గినవ్ పద్మక్కా" అని మెచ్చుకున్నారు. నా నలభై ఏడేళ్లలో అన్ని మెచ్చుకోళ్లు ఎన్నడూ రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఇంట్లో వ్యాయామం చేసి బరువు తగ్గించుకుంటున్నవాళ్లు ఎవరైనా దీన్ని చదివితే, వ్యాయామం మానేయమని నేను చెప్పను. తగ్గిన ప్రతి కిలోను మాత్రం, ఎటు పోతున్నావని ఒకసారి నిలబెట్టి అడగమంటాను.

మాది ఎల్లారెడ్డి. నేను చదివింది ఏడో తరగతి. లెక్కలు బడిలో కంటే బీడీలు చుట్టే దగ్గర ఎక్కువ నేర్చుకున్నాను. ఇంత ఆకు, ఇంత తంబాకు ఇస్తే ఇన్ని బీడీలు రావాలి అంటారు. రాకపోతే తప్పు చుట్టిన చేతిది అంటారు. ఆకు తక్కువ తూచి ఇచ్చారా, చేయి ఎక్కువ వాడిందా అని చూసుకోవడం చిన్నప్పుడే అలవాటైంది. తర్వాత మా మహిళా సంఘం వాళ్లు వడ్ల కొనుగోలు కేంద్రం పెట్టినప్పుడు కాంటా దగ్గర కూర్చుని బస్తాలు రాసే పని నాకు అప్పగించారు. రైతు చెప్పింది నమ్మను, హమాలీ చెప్పింది నమ్మను, అంకె నా కళ్లకు కనబడాలి. సీజను అయిపోయాక కాంటా మా ఇంటి వరండాలోనే, దుప్పటి కప్పుకుని ఉంటుంది. దానితోపాటు దాన్ని పరీక్షించే ఇరవై కిలోల ఇనుప రాయి.

కిందటేడు బతుకమ్మ దగ్గర రెండు చుట్లు తిరిగేసరికి నా మోకాళ్లు మొరాయించాయి. కామారెడ్డిలో ఎముకల డాక్టరుకు చూపించుకుంటే, బరువు తగ్గితే మోకాళ్లు వాటంతట అవే తేలికవుతాయన్నాడు. ఎంత తగ్గాలో చెప్పలేదు. జమునకు కూడా ఒళ్లు పెరిగింది. పొద్దంతా బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చునే పని మరి. ఆమె ఫోనులో ఒకావిడ వ్యాయామం నేర్పే వీడియో పట్టుకొచ్చింది. దీపావళి వెళ్లిన వారం నుంచి ఇద్దరం పొద్దున్నే మా ముందు గదిలో చాటలు గోడకు జరిపి, ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి మొదలుపెట్టాం.

మా అత్తమ్మ గడపలో కూర్చుని చూసేది. "మీరిద్దరు గలిసి ఇల్లు కూలగొడ్తరా ఏంది? గోడలు అదురుతున్నయ్."

"అక్కా, గామె మోకాలు ముక్కుకు తాకిస్తుంది సూడు. నాకు నడుమ కడుపు అడ్డమొస్తుంది" అనేది జమున.

"ముక్కు దాంక తేవాలెనని గామె అనలే. నీకు అందిన కాడికి తే" అనేదాన్ని.

ఫోనులో ఆమె నెలకు ఎన్నో కిలోలు పోతాయని నవ్వుతూ చెప్పేది. నేను నమ్మలేదు. నెలకు ఒక కిలో అని నా మట్టుకు నేను లెక్క వేసుకున్నాను. ఆ వానాకాలం వడ్లకు మా సంఘానికి కేంద్రం ఇవ్వలేదు, కాంటా ఇంట్లోనే ఉంది. ఆదివారం చాయ తాగకముందు ఇద్దరం కాంటా ఎక్కేవాళ్లం. నేను డెబ్బై తొమ్మిది, ఆమె డెబ్బై రెండు. చీరకూ గాజులకూ తరుగు తీయాలా వద్దా అని మొదటి వారం కొట్లాడుకుని, ఇద్దరికీ ఉన్నవే కాబట్టి తీయొద్దని తీర్మానించాం. కొత్త సంవత్సరం వచ్చేసరికి నేను డెబ్బై ఏడుకు దిగాను. జమున కిలోన్నర తగ్గింది. నా లెక్క సరిపోయింది. మోకాళ్లు కూడా కొంచెం ఊరుకున్నాయి.

ఆ తర్వాత నా బరువు నా లెక్కను దాటి దిగడం మొదలుపెట్టింది.

శివరాత్రికి డెబ్బై మూడు. అదే గది, అదే ఫోను, అదే అరగంట. జమున డెబ్బైన్నర దగ్గరే కూర్చుంది. నాకు మొదట కాంటా మీద అనుమానం వచ్చింది. ఎలుకలు వైరు కొరికి ఉంటాయని దాన్ని తిరగేసి చూశాను. ఇనుప రాయి పెట్టాను. ఇరవై అంటే ఇరవై చూపించింది. రాయి తీసి నేను ఎక్కాను, డెబ్బై మూడు. దిగి మళ్లీ రాయి పెట్టాను.

"గా రాయి ఏం పాపం జేసిందే, పొద్దటిసంది ఎక్కిస్తున్నవ్ దింపుతున్నవ్?" అన్నాడు మా ఆయన. ఆయన ఆటో నడుపుతాడు. "నేను జెప్తగద. ఇదివరకు నువ్వు ఎన్క కూసుంటే ఆటో ముందర లేశేది. ఇప్పుడు లేస్తలేదు. తగ్గినవ్, గంతే."

జమున అనుమానం వేరే. ఒకరోజు మెట్ల మీద నన్ను ఆపి గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, ఒక్కటి అడుగుత, నిజం జెప్పు. ఏం మందు మింగుతున్నవ్?"

"ఏం మందే?"

"పౌడరో, గోలీలో. నువ్వు జేసే ఎగురుడే నేను ఎగురుతున్న. నువ్వు తినే బువ్వే నేను తింటున్న. నీకే పోతుంది, నాకు పోతలేదు. గట్లెట్లయితది? నాకు జెప్తే నేను గూడ సన్నగైతనని దాస్తున్నవా?"

నాకు ఒక్కసారిగా మంట లేచింది. అంత కోపం నాది కాదని ఇప్పుడు తెలుసు; అప్పుడు తెలియదు. వాకిట్లో నలుగురు వినేలా, "నీ బద్ధకానికి నా మీద పడి ఏడ్వకు" అన్నాను. ఆమె లోపలికి పోయి తలుపు వేసుకుంది. అప్పటినుంచి మా మధ్య మాటలు లేవు. వ్యాయామం మాత్రం ఆగలేదు. ఫోను ఆమెది, గది మాది. ఆమె వచ్చి ఫోను ఆనించి నిలబడేది, నేను పక్కన నిలబడేదాన్ని, అయిపోగానే ఫోను తీసుకుని వెళ్లేది. మా అత్తమ్మ గడపలో కూర్చుని ఇద్దరినీ మార్చి మార్చి చూసేది.

అదే రోజుల్లో బియ్యం తేడా వచ్చింది. ఒక బస్తా మాకు ఇన్ని రోజులు అని నాకు తెలుసు. ఆ నెల వారం ముందే డబ్బా అడుగు కనబడింది. ఆ తర్వాతి నెల ఇంకా ముందు. ఇంట్లో మనుషులు పెరగలేదు, చుట్టాలు రాలేదు. మా ఆడబిడ్డ బీబీపేటలో ఉంటుంది, ఆ ఏడు వాళ్లకు పంట సరిగ్గా రాలేదు. అత్తమ్మ నాకు తెలియకుండా కూతురికి పంపుతోందని అనుకున్నాను. నోటితో అనలేదు కానీ డబ్బాలో బియ్యం మీద వేలితో గీత గీసి పెట్టడం మొదలుపెట్టాను. ఆమె చూసింది.

"ఏంది బిడ్డా గీతలు గీస్తున్నవ్?"

"బియ్యం తక్కువ పడుతున్నయ్ అత్తమ్మా."

ఆమె డబ్బా మూత పెట్టింది. తర్వాత, "గీత డబ్బాల గాదు, నీ పళ్లెంల గీసుకో. రాత్రి నాలుగు సార్లు పెట్టుకున్నవ్. నీకు సోయి లేదు" అంది.

నాకు నిజంగానే సోయి లేదు. ఆకలేస్తే తినేదాన్ని, తినగానే మళ్లీ ఆకలి. వ్యాయామం చేసినవాళ్లకు ఆకలి ఎక్కువని అనుకున్నాను. చెమట పట్టేది, వ్యాయామం వల్ల అనుకున్నాను. పొద్దున ఎగిరినప్పుడు కొట్టుకున్న గుండె రాత్రి మంచం మీద పడుకున్నా అలాగే కొట్టుకునేది, ఒళ్లు ఇంకా అలవాటు పడలేదనుకున్నాను. ఇంటిల్లిపాదీ దుప్పట్లు కప్పుకుంటే నేను బండల మీద పడుకునేదాన్ని. "ముట్లు ఆగే ఏండ్లు బిడ్డా, నాకు గూడ గట్లనే మంటలుండె" అంది అత్తమ్మ. ప్రతిదానికీ ఒక కారణం దొరికింది. ఒక్కో కారణం ఒక్కోదానికి సరిపోయింది. అన్నీ కలిపి ఒకటే మొత్తం వేయాలన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు.

అయినా భయం లేకపోలేదు. మా వీధిలో ఒకాయన ఇలాగే బట్టలు వదులై, బుగ్గలు లోపలికి పోయి, అది పెద్ద రోగమని తెలిసేసరికి ఆలస్యమైంది. నన్ను తగ్గిస్తున్నది నేను చేస్తున్న పనా, నాకు తెలియని రోగమా? ఆ ఒక్కటి తెలిస్తే చాలనిపించేది. కానీ అడిగితే జవాబు వస్తుందన్న భయంతో అడగలేదు. వీధి చివర మందులిచ్చే ఆయన దగ్గరకు మాత్రం వెళ్లాను. షుగరు చూశాడు, లేదన్నాడు. "రోజు ఎక్సర్‌సైజ్ జేస్తున్నవ్ గదమ్మా, తగ్గకేమయితది? అందరు తగ్గుతలేమని వస్తరు, నువ్వు తగ్గుతున్ననని వచ్చినవ్" అని నవ్వి, నీరసానికి ఒక సీసా ఇచ్చాడు. అది ఆకలి పెంచే మందని తర్వాత తెలిసింది. ఆ నెల బియ్యం ఇంకా ముందే అయిపోయాయి.

ఉగాదికి అరవై తొమ్మిది.

ఏప్రిల్‌లో కొనుగోలు కేంద్రం తెరిచారు. కాంటా మా వరండా నుంచి అక్కడికి పోయింది, దాని వెనకే నేను. టార్పాలిన్ పట్టాల మీద వడ్లు పోసి ఆరబెట్టారు. రైతులు తేమ చూసే మిషను చుట్టూ మూగి, ఇంకా ఎన్ని రోజులు కావాలని నా ప్రాణం తీసేవాళ్లు. ఒక రైతు, మా ఆయనకు వరసకు అన్న అవుతాడు, నా మీద లేచాడు.

"మొన్న రెండు రోజుల్లనే గంత తేమ దిగింది. నిన్న ఇయ్యాల దిగుతలేదు. మీ మిషన్లనే ఏదో ఉన్నది."

"మిషన్ల ఏం లేదు బావా. మొదటి రెండు రోజులే దండిగ ఆరుతయ్. పైన ఉన్న తడి తొందరగ పోతది. లోపటి తడి మెల్లగ పోతది. ఆరినకొద్ది ఆరుడు తక్కువైతది. ఏ వడ్లయినా గంతే."

ఈ మాట నేను ప్రతి సీజనులో కొన్ని వందలసార్లు చెప్పి ఉంటాను. ఆ రోజు చెబుతూ చెబుతూ, కుప్పలో చెయ్యి పెట్టి పిడికెడు వడ్లు తీసి చూపించాను. చెయ్యి బయటికి వచ్చింది. ఉంగరం రాలేదు.

నలుగురూ వంగి వెతికారు. నేను వెతకలేదు, అక్కడే నిలబడ్డాను. నా నోటి నుంచి వచ్చిన మాటే చెవిలో తిరుగుతోంది. ఆరినకొద్దీ ఆరడం తగ్గాలి. ఒంటి మీద ఉన్న అదనపు బరువు ముందు తొందరగా, తర్వాత మెల్లగా పోవాలి. జమునకు అలాగే పోయింది. కిలోన్నర దిగి ఆగింది. నాకు? మొదటి రెండు నెలల్లో రెండు కిలోలు. తర్వాత శివరాత్రి దాకా నాలుగు. ఆ తర్వాత ఇంకా తక్కువ రోజుల్లో ఇంకో నాలుగు. పైగా పెడుతున్న తిండి పెరుగుతోంది. ఏ వడ్లూ ఇట్లా ఆరవు. బస్తాలో పోస్తూ ఉన్నా బస్తా తగ్గుతోందంటే అది ఆరడం కాదు, కింద ఎక్కడో చిల్లు ఉంది.

అంతమంది మధ్యలోనే కాంటా ఎక్కాను. అరవై ఆరు. హమాలీ నవ్వాడు. "అక్కా, నీకు గూడ తరుగు తీసిండ్రా ఏంది?"

నాకు నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున జమున ఎప్పటిలాగే మాట లేకుండా వచ్చి ఫోను ఆనించింది. రెండు చేతులూ ముందుకు చాచి నిలబడే చోట నేను చాచి నిలబడ్డాను. ఆమె ఫోను వైపు చూడకుండా నా వేళ్ల వైపు చూస్తోంది. తర్వాత ఫోను ఆపేసింది.

"అక్కా, నీ చేతులేంది గట్ల వణుకుతున్నయ్?"

నెల తర్వాత మొదటి మాట అది. "ఎగిరినం గద" అన్నాను.

"ఇంకా ఎగరనే లేదు. ఇప్పుడే నిలవడ్డం." ఆమె తన చేతులు నా చేతుల పక్కన చాచింది. ఆమెవి కదలకుండా ఉన్నాయి. నావి గాలికి ఆకుల్లా ఉన్నాయి. "ఎప్పటిసంది?"

"తెల్వది."

"చాయ గిలాసల పోసేటప్పుడు సుత కింద పోస్తున్నవ్ నువ్వు. నేను జూసిన. కోపంల పోస్తున్నవనుకున్న. మందు మింగుతున్నవని నీ మీద అనుమానపడితి గని, నీకే ఏమన్న అయ్యిందా అని పడకపోతి." ఆమె ముఖం మారిపోయింది. "ఇయ్యాల కాంటా, కేంద్రం ఏమొద్దు. కామారెడ్డి పోదాం నడువు."

బస్సు లింగంపేట దాటింది. నాకు ఎక్కడ కూర్చున్నా గుండె చప్పుడు వినిపించేది; పక్కనున్నవాళ్లకు వినిపిస్తోందేమోనని సంచీని ఎదకు అదుముకుని కూర్చున్నాను. జమున ఒక్కసారి అడిగింది. "అక్కా, పెద్ద రోగమైతే బావకు నేను జెప్పాల్నా, నువ్వు జెప్తవా?" నేను కిటికీలోంచి బయటికి చూశాను. "నీ నోట్ల మన్నువడ, ముందు డాక్టర్‌ను జెప్పనియ్యి" అన్నాను. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఆస్పత్రిలో మా వంతు రావడానికి మధ్యాహ్నమైంది. ఆ బల్ల మీద కూర్చున్న గంటలు ఈ మొత్తం రోగంలో నాకు బాగా గుర్తున్నవి. లోపలికి పోయినవాళ్లు ఎంతసేపట్లో బయటికి వస్తున్నారో చూసేదాన్ని. ఆలస్యంగా వచ్చినవాళ్ల ముఖాలు వెతికేదాన్ని. చీటీలు పిలిచే అమ్మాయి ఒకరిద్దరిని ముందు పంపిందని లేచి అడిగాను. వాళ్లు రిపోర్టు చూపించడానికే వచ్చారంది. నమ్మక, వాళ్లు బయటికి వచ్చేదాకా తలుపు వైపే చూశాను. పక్కన కూర్చున్న నస్రుల్లాబాద్ పెద్దావిడ సంచీలోంచి మక్కగారెలు తీసి ఇచ్చింది. ముక్కూమొహం తెలియని మనిషి ఎందుకిస్తోందని వద్దన్నాను. కాసేపటికి నేనే చెయ్యి చాచాను. ఒకటి తిన్నాను, రెండు తిన్నాను, ఆమె డబ్బా మొత్తం నా ఒళ్లో పెట్టింది.

"తిను బిడ్డా. నాకు ఇయ్యాల రక్తం ఇచ్చేదాక తినద్దన్నరు. ఊకె సంచిల ఉంటే నా మనసు గుంజుతుంది" అంది. ఆ ముసలమ్మ పేరు అడగలేదు. అడగాల్సింది.

డాక్టరమ్మ నా మాట సగం వినగానే చేతులు చాచమంది. నా వేళ్ల మీద ఒక కాగితం పరిచింది. కాగితం తనంతట తాను గలగలలాడింది. గొంతు పట్టి చూసి, నీళ్లు మింగమంది. నాడి చూసింది. నేను ఆరే వడ్ల లెక్క చెప్పబోతే చివరిదాకా విని, "కరెక్టే. ఆ లెక్క ఫిబ్రవరిలోనే వేసి వచ్చి ఉంటే ఇంకా బాగుండేది" అంది. రక్తం తీసుకున్నారు. సాయంత్రం పిలిచి చెప్పింది. గొంతులో ఉండే ఒక గ్రంథి అవసరానికి మించి పని చేస్తోందట. "మీ పొలాల్లో మోటరు బంద్ చేయకుండా వదిలేస్తే ఎలా ఉంటుందో అలా. మీరు పడుకున్నా అది పడుకోవట్లేదు. తిన్నదంతా కాల్చేస్తోంది."

"పెద్ద రోగం కాదా మేడం?" జమున నాకంటే ముందే అడిగింది.

"కాదు. మందులతో దారికొస్తుంది. కానీ ఇలాగే వదిలేస్తే గుండె మీద పడుతుంది. వ్యాయామం ఇవాళ్టి నుంచి ఆపేయండి. నేను చెప్పేదాకా చేయొద్దు."

ప్రాణం కుదుటపడిందని రాయాలి. కానీ నా నోటి నుంచి వచ్చింది వేరే మాట. "మేడం, ఈ పదమూడు కిలోలల్ల నేను తగ్గించుకున్నదెంత, రోగం తిన్నదెంత?"

ఆమె రిపోర్టు బల్ల మీద పెట్టింది. "ఆ లెక్క ఎవరూ చెప్పలేరమ్మా. రెండూ ఒకేసారి జరిగాయి."

ఇన్నేళ్లలో నాకు విడదీయడానికి రాని మొత్తం అదొక్కటే. చలికి ఒళ్లు వణికినా దిండు వదిలి లేచిన పొద్దులు, మోకాలు నొప్పి పెట్టినా వంగిన వంగుళ్లు, అవన్నీ రోగం ఖాతాలో కలిసిపోయాయి. చిన్న పిల్లలా ఏడ్చాను. పెద్ద రోగం కాదన్నందుకు ఏడుస్తున్నాననుకుని జమున వీపు నిమిరింది. నేను సరిచేయలేదు.

అంత చెప్పినా నా బుద్ధి పోలేదు. రెండో రోజు వేరే చోట మళ్లీ రక్తం ఇచ్చాను. అంకెలు అటూ ఇటుగా అవే వచ్చాయి. అప్పుడు గోలీ మింగాను.

ఎండాకాలమంతా మంచం, మందులు. కేంద్రంలో నా కుర్చీలో వేరే ఆమె కూర్చుంది. ఆ మందు పడకపోతే జ్వరం, గొంతునొప్పి వస్తాయని, వస్తే ఆగకుండా రమ్మని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి పొద్దున లేవగానే ఉమ్మి మింగి చూసుకునేదాన్ని. నెల దాటాక ఒక రాత్రి మధ్యలో లేవకుండా తెల్లారింది. గుండె చప్పుడు వినబడలేదు. ఆగిపోయిందేమోనని ఎద మీద చెయ్యి పెట్టుకుని చూశాను.

ఆకలి తగ్గింది, బరువు ఎక్కింది. బియ్యం నెలకు సరిపోయి డబ్బా అడుగున రెండు పిడికిళ్లు మిగిలాయి. అత్తమ్మ నన్ను పిలిచి మూత తీసి చూపించింది. "జూడు బిడ్డా, దొంగ దొరికిండు." ఆమె నవ్వింది, అది చాలు నాకు. వీధి మాత్రం నవ్వలేదు, జాలిపడింది. మెచ్చుకున్న నోళ్లే, "గిదేంది పద్మక్కా, మళ్ల ఎక్కినవ్? ఎక్సర్‌సైజ్ ఇడిశిపెడితే గిట్లనే అయితది" అన్నాయి. మొదట్లో ఆపి వివరంగా చెప్పేదాన్ని. రోగం పోతే లావవుతారా అని అనుమానంగా చూసేవాళ్లు. తర్వాత చెప్పడం మానేశాను. ఎక్కిన ప్రతి కిలోకు నేనూ జమునా మాత్రం కాంటా దగ్గర చప్పట్లు కొట్టుకున్నాం. డెబ్బై ఐదు దగ్గర నిలిచింది.

వినాయక చవితి వెళ్లాక డాక్టరమ్మ మళ్లీ వ్యాయామం చేసుకోవచ్చంది. చేస్తే తగ్గుతాను, తగ్గితే అది మళ్లీ లేచిందేమోనని చస్తాను. చేయకపోతే మోకాళ్లు ఊరుకోవు. ఆ మాటే చెప్పాను.

"మేడం, నాకొక అంకె గావాలె. ఎక్కడ ఆగాలో చెప్పకుంటే నాకు భయమైతది. మొదటిసారి ఎవ్వరు చెప్పలే."

ఆమె నా ఎత్తు, వయసు, మోకాళ్లు అన్నీ చూసి, "ముందు అరవై తొమ్మిదికి రండి. అక్కడ ఆగి నాకు కనబడండి. మెల్లగా రావాలి. నెలలో రెండు కిలోలకు మించి దిగితే కారణాలు వెతుక్కోకుండా బస్సెక్కండి" అంది. నా ఒంటికి ఒక మొదలు, ఒక చివర, ఒక హద్దు దొరికాయి.

మళ్లీ పొద్దున్నే చాటలు జరిగాయి. ఇప్పుడు వీడియో మొదలవ్వకముందు జమున నన్ను చేతులు చాచమంటుంది, బడిలో గోళ్లు చూసే టీచరులా వేళ్లు చూస్తుంది. "ఊఁ, నిలవడ్డయ్. ఇగ ఎగురు" అంటుంది. మొదటి మూడు వారాలు అంకె కదల్లేదు. నేను లోలోపల హాయిగా ఉన్నాను. నాలుగో వారం కదిలింది. ఆ తర్వాతి ఆదివారం ఇంకా కొంచెం. డెబ్బై మూడు కిలోల ఎనిమిది వందలు. జమున కేక వేసింది. నేను పాత రిపోర్టులు సంచీలో పెట్టుకున్నాను. సోమవారం పొద్దున బస్సెక్కి కామారెడ్డి పోయి రక్తం ఇచ్చాను. రమ్మన్న తేదీకి ఇంకా చాలా రోజులుందని చీటీల అమ్మాయి అంటే, తెలుసన్నాను.

డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చూసింది. రెండోసారి నా కోసం చూసిందని అర్థమైంది. "అన్నీ హద్దుల్లోనే ఉన్నాయి పద్మ గారూ. గ్రంథి ఏమీ తినలేదు. ఈ తగ్గింది మీరు తగ్గించుకున్నదే."

"మొత్తం నాదేనా మేడం?"

"మొత్తం మీదే."

బయటికి వచ్చి బల్ల మీద కూర్చున్నాను. కిలో రెండు వందల గ్రాములు. అప్పుడు పదమూడు కిలోలు పోతే ఒక్క గ్రాము కూడా నాదని చెప్పుకోలేకపోయాను. ఇది నాది. జమున పక్కన కూర్చుని, "ఇగ నమ్మినవా?" అని అడిగింది.

"ఇయ్యాలటిదాంక నమ్మిన" అన్నాను.

ఇది కార్తీకంలో రాస్తున్నాను. కాంటా మళ్లీ కేంద్రానికి పోయింది, నేనూ నా కుర్చీలోకి పోయాను. నిన్న బస్తాలు ఎక్కించకముందు ఒకసారి ఎక్కి చూసుకున్నాను. అంకె అక్కడే ఉంది. డాక్టరమ్మ చెప్పిన చోటికి చేరడానికి ఇంకా బాకీ నాలుగు కిలోల ఎనిమిది వందల గ్రాములు.